నాలుగు గంటల చుక్క

ఈ రోజు పొద్దున్న ఎనిమిదింటికే సాయంత్రం నాలుగు గంటల గడిలో టిక్కు పెట్టేశాను. ఎవరూ తొందరపెట్టలేదు. పెన్ను చేతిలో ఉంది, గడి ఖాళీగా కనిపించింది, పెట్టేశాను.

ఆ గడి మా ఆవిడ కంటి చుక్కల కాగితంలోది. రెండు నెలల కిందట ఏలూరులో ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. మొదటి నెల మందులన్నీ అయిపోయి, ఇప్పుడు కన్ను పొడిబారకుండా వేసే చుక్కలు మాత్రం మిగిలాయి. పొద్దున్న ఎనిమిది, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం నాలుగు, రాత్రి ఎనిమిది. సొంతంగా వేసుకోబోతే ఆవిడకు రెప్ప ఆగదు, చుక్క చెంప మీద పడుతుంది. అందుకని ఆ బాధ్యత నేను తీసుకున్నాను. ఘనంగానే తీసుకున్నాను. స్కేలు పెట్టి గళ్ళు గీసి, తేదీలు వేసి, గోడకి మేకు కొట్టి తగిలించాను. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆవిడ కన్నుకంటే ముందు ఆ కాగితాన్ని చూసి మెచ్చుకున్నారు.

ఇబ్బందల్లా నాలుగు గంటల చుక్కతో వచ్చింది. మూడున్నరకి నేను భీమడోలు స్టేషన్ దగ్గర టీ కొట్టుకి బయల్దేరతాను. అక్కడ రిటైరైనవాళ్ళం నలుగురం కూర్చుని, దేశంలో బాధ్యత ఎలా తగ్గిపోతోందో ఆరింటిదాకా మాట్లాడుకుంటాం. అంత ముఖ్యమైన పని వదులుకుని ఒక్క చుక్క కోసం ఇంట్లో ఉండడం నాకు కుదరలేదు. నీళ్ళలాంటి మందేగా అనుకున్నాను. కన్ను ఎలాగూ నీళ్ళు కారుస్తోంది, పైనుంచి ఇంకా నీళ్ళెందుకని కూడా అనుకున్నాను.

గడి ఖాళీగా వదలడం మాత్రం నా వల్ల కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, కొల్లేట్లోకి దిగే ఒక కాలువ దగ్గర నీటిమట్టం చూసి రాయడం నా పని. రాయడం ఎప్పుడూ మానలేదు. చూడడమే అప్పుడప్పుడూ మానేవాణ్ణి. ఒక వానాకాలం, అంకెలు వేసిన స్తంభమే వరదకి కూలిపోయింది. ఆ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. ఆ నెలంతా నా రిజిస్టర్లో నీళ్ళు రోజుకి రెండంగుళాల చొప్పున ఎంతో పద్ధతిగా తగ్గాయి. చేతిరాత బావుందని పై అధికారి మెచ్చుకున్నారు కూడా.

కాలువ నన్నేమీ అడగలేదు. మా ఆవిడ అడిగింది.

"ఏవండీ, సాయంత్రం చుక్క వేసినట్టు లేదండీ."

"వెయ్యకపోవడమేంటి? టిక్కు చూడు."

"నాకు గుర్తే లేదు."

"కునుకు తీస్తుంటే వేసి వెళ్ళాను. నీకీ మధ్య మతిమరుపు ఎక్కువైంది."

ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి చూసింది. టిక్కు ఉంది. తన కన్ను చెబుతున్నదాన్ని పక్కనపెట్టి, నా కాగితం చెప్పింది నమ్మింది. మా ఆఫీసులోనూ అలాగే నమ్మేవారు. కాకపోతే అక్కడ ఎవరికీ కన్ను మండేది కాదు.

మెల్లిగా పన్నెండు గంటల చుక్క కూడా నాలుగు గంటలదాన్ని చూసి చెడిపోయింది. కంట్లో ఇసుక పోసినట్టుందని ఆవిడ అనడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు చీరలకి ఫాల్ కుట్టడం ఆవిడకి ఇష్టమైన పని. ఆపరేషనయ్యాక సూదిలో దారం తనే ఎక్కించుకుని మురిసిపోయిన మనిషి, మళ్ళీ సూది నా చేతికివ్వసాగింది. "ఈ కన్నే ఇలా అయింది, రెండో కన్ను చేయించుకోనండీ" అంది. 

అంతకన్నా పెద్ద దిగులు ఆవిడ నాకు చెప్పలేదు. తాడేపల్లిగూడెంలో ఉన్న చెల్లెలికి ఫోన్లో చెబుతుంటే విన్నాను. "వేసిన చుక్కలు కూడా గుర్తుండట్లేదే. మన మేనత్తకి ఇలాగే కదా మొదలైంది, చివరికి మనుషుల్నే పోల్చుకోలేకపోయింది." 

నేను పక్క గదిలో పేపరు చదువుతున్నాను. పేజీ తిప్పాను.

ఈ రోజు ఏలూరు వెళ్ళాం. డాక్టరమ్మ వయసులో చిన్నది. కన్ను పరీక్ష చేసి, నా కాగితం అందుకుంది.

"బాబాయ్ గారూ, ఇంత శుభ్రంగా రాసి తెచ్చినవాళ్ళని నేను చూడలేదండీ."

నేను వినయంగా నవ్వాను.

"ఒక్క చుక్క తప్పకుండా వేస్తున్నా కన్ను ఇంత పొడిగా ఉందంటే కారణం ఇంకేదో ఉండాలి. పరీక్షలు చేద్దాం. ఎడమ కన్ను ఆపరేషన్ ఇప్పుడే వద్దు."

మా ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను జేబులో పెన్ను సరిచేసుకున్నాను. డాక్టరమ్మ వేలు కాగితం మీద కిందికి జరుగుతూ చివరి వరసలో ఆగింది.

"ఇప్పుడు టైము పదకొండున్నరే కదండీ. ఈ రోజు నాలుగింటి చుక్క ఎప్పుడు వేశారు?"

నా రాతని ఇన్నేళ్ళలో ఇలా చదివినవాళ్ళు లేరు. గోడమీది అక్షరాల బోర్డు వైపు చూశాను. అన్నిటికన్నా చిన్న వరస కూడా స్పష్టంగా కనిపించింది.

"నాలుగింటివి చాలావరకు వెయ్యలేదమ్మా. పన్నెండింటివి కూడా కొన్ని."

మా ఆవిడ తిడుతుందనుకున్నాను. ఆవిడ నా వైపు చూడనే లేదు. "అయితే నాకు మతిమరుపు లేదండీ డాక్టరుగారూ!" అంది. గొంతులో అంత సంతోషం విని చాలా రోజులైంది. తిట్టి ఉంటే బావుండేది.

తిట్టే పని డాక్టరమ్మ చూసుకుంది. మూడు వారాలు నిజంగా వేసి తీసుకురమ్మంది, ఎడమ కన్ను సంగతి అప్పుడు చూస్తానంది.

బస్సు దెందులూరు దాటింది. మా ఆవిడ ఫోను నా చేతిలో పెట్టింది.

"చెల్లికి మీరే చెప్పండి."

"ఇంటికెళ్ళాక చెబుతాలే."

"ఇప్పుడే చెప్పండి."

చెప్పాను. "వినపడట్లేదు బావగారూ, కాస్త గట్టిగా చెప్పండి" అంది మరదలు.

"మీ అక్కకి మతిమరుపు లేదమ్మా! నేనే చుక్కలు వెయ్యకుండా వేశానని అబద్ధం చెప్పాను!"

బస్సంతా విన్నది. ముందు సీటులో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి, గుండుగొలను వచ్చేదాకా నన్నే చూసింది. "ఫోను అక్కకివ్వండి" అంది మరదలు. ఇచ్చాను.

ఇంటికి రాగానే ఆ కాగితం బల్ల మీద పరిచాను. నాలుగు గంటల గళ్ళలో వేసినవని గట్టిగా గుర్తున్నవి ఐదు. మిగతా టిక్కుల మీద అడ్డగీత గీసి "వెయ్యలేదు" అని రాశాను. పన్నెండు గంటల గళ్ళలో ఏది నిజమో నాకే తెలియదు, "తెలియదు" అని రాశాను. కింద సంతకం పెట్టాను. మూడు వారాల తర్వాత డాక్టరమ్మకి ఇవ్వడానికి మడిచి ఫైల్లో పెట్టాను. కొత్త కాగితం మీద గళ్ళు మా ఆవిడే గీసింది. వంకరగా ఉన్నాయి. పెన్ను తన దగ్గరే ఉంచుకుంది.

మూడున్నరకి టీ కొట్టు నుంచి ఫోనొస్తే రానన్నాను. నాలుగింటికి చేతులు కడుక్కుని చుక్క వేశాను. ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుని పడుకుని, లేచి, గోడ దగ్గరికెళ్ళి తనే టిక్కు పెట్టింది.

ఇప్పుడు ఏడుంపావు. ఎనిమిది గంటల గడి ఖాళీగా ఉంది.