సెలెక్టర్ల ఎదురుగది

మా ఆయన పద్నాలుగేళ్లు ఓపెనింగ్ బ్యాటింగ్ చేశాడు. జాతీయ జట్టు గడప మాత్రం తొక్కలేదు. ఆటలో ఆయన గొప్పంతా బంతిని కొట్టడంలో కాదు, వదిలెయ్యడంలో ఉండేది. గంటసేపు నిలబడి పదకొండు పరుగులు చేసేవాడు. ఇరవై మూడేళ్లకే జట్టంతా 'తాత' అని పేరు పెట్టేసింది. పెళ్లయిన కొత్తలో ఒక మ్యాచ్ చూడటానికి వెళ్లి నిద్రపోయాను. ఆ మాటతో ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

భుజం పాడై ముప్పై నాలుగో ఏట ఆట మానేశాడు. కోచింగ్ పెట్టుకో, కామెంటరీ చెప్పుకో అని నలుగురూ చెప్పారు. వింటేగా! సైకాలజీ చదువుతానని కాలేజీలో చేరాడు. పరీక్షలొస్తే మా అమ్మాయితో పాటు ఆయన్నీ లేపి కూర్చోబెట్టేదాన్ని. చదివినదంతా మా మీదే ప్రయోగం. కూర మాడిందని నేను విసుక్కుంటే, "ఈ కోపం అసలు ఎక్కణ్నుంచి వస్తోందంటావ్?" అనేవాడు.

"మీ దగ్గర్నుంచే!" అనేదాన్ని.

చివరికి పాత జట్టువాళ్లే ఆటగాళ్ల మనసు చూసే ఉద్యోగం ఇచ్చారు. గది మాత్రం సరిగ్గా సెలెక్టర్ల గదికి ఎదురుగా ఇచ్చారు, తలుపు మీద బోర్డుతో సహా. సెలెక్టర్ల కళ్లముందు బుద్ధున్న ఆటగాడెవడైనా ఆ తలుపు తడతాడా? మూడు నెలలు ఆ గదిలో రెండు కుర్చీలూ, ఆయనా. గది మార్చమని అడగండి అని నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, "అడిగాను, ఖాళీ లేదట" అని పేపరు తిరగేశాడు.

తర్వాత తనే ఒక దారి కనిపెట్టాడు. నెట్స్‌లో నిలబడి ఆటగాళ్లకి బంతులు విసిరేవాడు. చూసేవాళ్లకి అది ప్రాక్టీసు. బంతికీ బంతికీ మధ్య వాళ్లు మనసులో ఉన్నది చెప్పుకునేవాళ్లు. డాక్టరు వద్దన్న ఆ భుజంతోనే విసరడం ఆయన వంతు, ఇంటికొచ్చాక ఐసు ముక్కలు కట్టడం నా వంతు. ఎవరేం చెప్పారని అడిగితే మాత్రం నోరు మెదిపేవాడు కాదు.

ఒక్క వికెట్ కీపర్ సంగతే నాకు తెలుసు. మా ఆయనతో కలిసి ఆడినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నెట్స్‌లో చెప్పుకోలేక ఇంటికే వచ్చాడు. మా ఆయన ఇంకా రాలేదు. వంటింట్లో నా ఎదురుగా కూర్చుని, "వదినా, మొహానికి దెబ్బ తగిలినప్పట్నుంచి బంతి చేతిలో పడే ముందు కళ్లు మూసుకుపోతున్నాయి" అని బావురుమన్నాడు. ఆ తర్వాత వారం వారం వచ్చేవాడు. నెమ్మదిగా మళ్లీ క్యాచులు పట్టాడు.

ఏడాది తిరిగేసరికి జట్టు సెక్రటరీ పట్టుబట్టాడు. ఎవరెవరు వస్తున్నారో పేర్లు రాసివ్వాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు. మా ఆయన ఖాళీ కాగితం ఇచ్చి వచ్చాడు. బంతిని వదిలేసినట్టు ఉద్యోగాన్నీ వదిలేస్తాడా! నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు సెక్రటరీయే మా ఇంటికి ఫోన్ చేసి, "మీవారి దగ్గరికి ఎవరూ రావట్లేదమ్మా, నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

"ఎవరూ రాకపోవడమేంటండీ! మీ కీపర్ ఇవాళ కళ్లు తెరిచి బంతి పడుతున్నాడంటే ఎవరి పుణ్యం?" అనేశాను.

ఉద్యోగం నిలబడింది. ఆ శుక్రవారం ప్రకటించిన జట్టులో కీపర్ పేరు లేదు.

మా ఆయన ఆ జాబితా చూసి నా వైపు చూశాడు. జరిగింది చెప్పేశాను. తిట్టినా బాగుండేది. మర్నాడు నెట్స్‌కి వెళ్లి, అందరి ముందూ "పేరు బయటపెట్టింది నేనే" అన్నాడట! అప్పట్నుంచి ఆయన దగ్గరికి ఒక్కడూ రావడం లేదు.

"మతి పోయిందా మీకు? చేసింది నేనైతే మీరెందుకు మోస్తారు?" అని అరిచాను.

"వాడు మొదట చెప్పుకుంది నీతో. పేరు బయటికి పోయింది మనింట్లోంచే, నా మీద నమ్మకం ఎలాగూ పోయింది. నీ మీదైనా ఉండనీ" అన్నాడు.

ఇంత చదువూ చదివి ఇదా తెలివి! కోపమూ, సిగ్గూ కలిసి ఏడుపొచ్చింది నాకు.

ఆదివారం మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే కీపర్.

"అన్న ఇంట్లో లేడు కదా వదినా? ఉంటే వెళ్లిపోతాను. మీతోనే మాట్లాడాలి."

"లోపలికి రా బాబూ" అన్నాను. "నువ్వు చెప్పే ముందు నేనొకటి చెప్పాలి. విన్నాక వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లిపో."