ఎర్ర పేలిక కట్టిన పుల్ల

మొన్న బూర్గంపాడు నుంచి వచ్చిన ఆటో ఆయన మా వాకిట్లో ఆగి, "మీ కప్పల సారు పోయిండంట. గుండె ఆగిందంట" అన్నాడు. "అట్లనా" అన్నాను. ఆటో ఆయనకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

సారు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. వానాకాలం రాగానే మా వెనక గదిలో కిరాయికి దిగి, మా పొలంలో కప్పలు పట్టేవాడు. వాటి వీపు మీది జిగురును సీసాలోకి కడుక్కుని, పట్టిన చోటే వదిలేవాడు. చోటు గుర్తుకు ఎర్ర పేలిక కట్టిన పుల్ల గుచ్చేవాడు.

మొదటి రోజే, "పెద్దయ్యా, మీ కప్పల ఒంటి మీద మందు ఉన్నది" అన్నాడు. నాకు తెలిసిన మందు మిరప చేనుకు కొట్టేదే. ఎక్కువ కొట్టానని పట్టుకోవడానికి వచ్చిన ఆఫీసరేమో అనుకుని, ఖాళీ డబ్బాలన్నీ గడ్డివాములో దాచాను.

అవి కంటబడ్డాక సారు చాలాసేపు నవ్వాడు. "గా మందు కాదు. కప్ప బురదలనే బతుకుతది, దానికి పుండ్లు పడ్డయా? తోలు మీద చిన్న ప్రొటీన్ ముక్కలుంటయి, పెప్టైడ్లంటరు. క్రిమి గోడకు బొక్క పెడతయి. మాత్రలకు లొంగని క్రిములకు రేపు గివి పనికొస్తయేమో."

"గట్లయితే ఎన్ని కప్పలను చంపుతరు సారూ?"

"ఒక్కదాన్ని గూడ చంప. ఆ ముక్కల వరుస రాసుకుంటే ల్యాబుల ఈస్టుతోనే చేపియ్యొచ్చు. పిండి పులవబెట్టినట్టు."

నేను నమ్మలేదు.

మరుసటి ఏడు నా పాదానికి పుండు పడింది. నాకు షుగరు. మందుల దుకాణంలో ఇచ్చిన మాత్రలు ఎన్ని మింగినా మానలేదు. పాదం తీసేయాల్సి రావచ్చన్నారు. సిగ్గు విడిచి సారును అడిగాను: "గా సీసాలది జరంత పెట్టు సారూ."

"అది ఇంకా మనుషులకు పెట్టేది కాదు పెద్దయ్యా. క్రిమిని పగలగొట్టేది మన నెత్తురు కణాలను గూడ పగలగొడితే?"

పెద్దోళ్ల కోసం దాచిపెడుతున్నాడనుకున్నాను. మర్నాడు నేనే ఒక కప్పను పట్టి పుండు మీద రుద్దుకున్నాను. సాయంత్రానికి కాలు దుంగలా వాచి, మూలుగుతూ పడి ఉన్నాను. "కప్ప నయం. నువ్వే బెకబెకమంటున్నవు" అంది మా ఇంటామె.

సారు తిట్టలేదు. బండి మీద గోదావరి దాటించి దవాఖానాకు తీసుకెళ్లాడు. చీము పరీక్ష చేసి, ఆ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసి డాక్టరమ్మ సూదులు రాసింది. పాదం నిలిచింది.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద సారు ఒక్క మాటే అన్నాడు: "అనుమానం మంచిదే పెద్దయ్యా. నా మందు మీద నాకు గూడ అనుమానమే. గందుకే నీకు పెట్టలే."

ఆ మందు ఇంకా మా దాకా రాలేదు.

ఆటో వెళ్లిపోయాక పొలానికి నడిచాను. కాలువ గట్టున పోయినేటి పుల్ల ఒకటి ఇంకా ఉంది. పేలిక రంగు వెలిసింది. దాని పక్కనే కప్ప కూర్చుని ఉంది. దగ్గరికి ఒక్క అడుగు వేశాను. నన్ను చూసి నీళ్లలోకి దూకింది.

దాని అనుమానం దానిది. పుల్లను అట్లాగే ఉంచి వచ్చాను.