పొట్టలోనే ఉండిపోయిన చక్రాలు

సెలూన్ నడిపే ఆయన్ని మైదానంలో అందరూ కెప్టెన్ అంటారు. రిమోట్‌తో బొమ్మ విమానాలు ఎగరేయడంలో ఆయనకి ఆయనే సాటి. ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు చెప్పేదీ ఆయనే.

పైకి లేవగానే చక్రాలు పొట్టలోకి ముడుచుకునే విమానాలంటే ఆయనకి పిచ్చి. దించేముందు రిమోట్ మీద మీట నొక్కి వాటిని మళ్లీ బయటికి తేవాలి. మరిచిపోకుండా పక్కన నిలబడ్డ మనిషి "చక్రాలు!" అని కేకెయ్యడం అక్కడ అలవాటు. కెప్టెన్ పక్కన ఆ కేక భార్యది. "పేరు ఈయనది, పెత్తనం వదినది" అని ఎవరో నవ్వేసరికి ఆయనకి ఒళ్లు మండింది.

"నోరు మూసుకుని నిలబడు. ఆమాత్రం నాకు తెలీదా?" అని అందరి ముందూ కసిరాడు. ఆమె మొహం చిన్నబోయింది.

ఆ మరుసటి వారమే మామగారి విమానం మొదటిసారి ఎగరాలి. గడియారాలు బాగుచేసి బతికిన మనిషి, చక్రాలు ముడిచే మర కూడా సొంతంగా తయారుచేసుకున్నారు. ఈమధ్య ఆయనకి చేతులు వణకడం మొదలైంది. ఇది సరిగ్గా పనిచేస్తే తన చెయ్యి ఇంకా పనికొస్తుందని ఆయన ఆశ. ఎగరేసే ధైర్యం చాలక అల్లుడి చేతికిచ్చారు.

విమానం లేచింది. చక్రాలు ముచ్చటగా ముడుచుకున్నాయి. చప్పట్లకి ఉబ్బిపోయిన కెప్టెన్ దాన్ని అవసరానికి మించి గిరికీలు కొట్టించి, కిందికి దించసాగాడు. పక్కన భార్య పెదవి కదిలింది కానీ మాట రాలేదు. విమానం పొట్టతో నేలని గీరుకుంటూ పోయి రెక్క విరగ్గొట్టుకుంది.

"నేను నొక్కాను. చక్రాలే దిగలేదు" అన్నాడు కెప్టెన్, ఎవరూ అడక్కముందే. వేలికింద మీట మాత్రం నొక్కకుండా పైకే ఉంది.

మామగారు మెల్లగా వెళ్లి విమానాన్ని ఎత్తుకొచ్చారు. "నా పనిలోనే లోపం ఉండుంటుంది" అంటూ పొట్ట పైకి తిప్పి పట్టుకున్నారు. "ఎక్కడ పట్టేసిందో చూద్దాం. ఓసారి నొక్కండి అల్లుడుగారూ."

అందరూ చూస్తున్నారు. నొక్కక తప్పలేదు. ఆ వణికే చేతుల మధ్య చక్రాలు తాపీగా, తిన్నగా బయటికొచ్చాయి. కెప్టెన్‌కి తల కొట్టేసినట్టయింది. చుట్టూ ఉన్నవాళ్లు చూపులు తిప్పుకున్నారు.

మామగారు వేలితో ఓ చక్రాన్ని తిప్పి చూశారు. "నేలకి తగిలిన దెబ్బకి సర్దుకున్నట్టుంది లెండి" అన్నారు.

నిజం ఒప్పుకోడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. మరిచిపోయానని ఒక్క మాటంటే చాలు, పెద్దాయన పనితనం నిలబడేది.

"అయ్యుండొచ్చు మామయ్యా" అన్నాడు, సిగ్గుతో చెవులదాకా కాలిపోతూ.

భార్య ముందుకొచ్చి తండ్రి చేతుల్లోంచి విమానాన్ని అందుకుంది.

"నీ పనిలో ఏ లోపమూ లేదు నాన్నా" అంది, అందరికీ వినబడేలా.