మోటారు ముందు నాయిన

మా నాయినది వెట్టి. నర్మెట్ట దగ్గరి మా ఊళ్లో దొర కోటలాంటి తన గడి దాటి ఎటు వెళ్లినా, జనగామ సడక్ ఎక్కి కొంత దూరం పోయేదాకా నాయిన ఆయన బండి ముందు పరుగెత్తాలి, దొరొస్తున్నాడని అరవాలి, అడ్డమొచ్చిన జనాన్ని తప్పించాలి. కూలి అడిగే మాటే లేదు. దొర మోటారు కొన్నాక ఇక నాయిన కాళ్లకు సెలవనుకున్నాం. దొరతనం ఎడ్లతో పోతుందా! మోటారు ముందు కూడా మనిషి ఉరకాల్సిందే అన్నాడు. మోటారు మడమల మీదికొస్తుంటే నాయిన రొప్పుకుంటూ ఉరికేవాడు.

సడక్ ఎక్కేచోట సర్కారు ఒక బోర్డు పాతింది. పట్నం నుంచి వచ్చిన డ్రైవర్ ఆ ఉర్దూ రాత చదివి నాయినకు చెప్పాడు.

"అన్నా, ఈడ గంటకు పది మైళ్లు దాటొద్దంట. బోర్డు కాడ నేను మెల్లగ తోల్త, నువ్వు జర దమ్ము తీస్కో."

అన్నట్టే చేసేవాడు. నన్ను కన్న అవ్వ ఆ బోర్డు కర్రకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ, ఆమె మొగుడి మీద దయ చూపిన దేవుడు ఇంకొకడు లేడు.

దొరకు మాత్రం ఆ బోర్డు కంట్లో నలుసు. "గది బస్సులకురా, నాకు గాదు" అని డ్రైవర్‌ను తిట్టేవాడు.

దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు పక్క ఊరి గడి మీద పడ్డారని తెలిసిన పొద్దున దొర పట్నం పారిపోయాడు. పారిపోతూ కూడా ముందు మనిషిని ఉరికించాడు, సిగ్గులేనోడు. అవ్వా నేనూ సడక్ పక్క చేన్లో కలుపు తీస్తున్నాం. బోర్డు దగ్గర నాయిన ఎప్పటిలాగే పరుగు తగ్గించాడు. వెనక్కి చూడలేదు. మోటారు వేగం తగ్గలేదు. నాయినను గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది. దొర డ్రైవర్ మెడ మీద కర్ర పెట్టి తోలించాడని తర్వాత తెలిసింది.

మేము ఉరికి వెళ్లేసరికి నాయిన బతికే ఉన్నాడు. దవాఖాన జనగామలో ఉంది, తీసుకుపోను బండి లేదు. అవ్వ ఆయన తల ఒళ్లో పెట్టుకుంది.

"ఎనుకబడ్డనా? దొరకు కోపమొచ్చిందా?" అని అడిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. దొరను తిట్టబోతుంటే అవ్వ నా నోరు మూసింది.

"రాలే. మోటారు ఆపిండు. నిన్ను ఇంటికి పోయి పండుకొమ్మన్నడు."

నాయిన సరేనన్నట్టు కళ్లు మూసుకున్నాడు.