ముత్తయ్య కట్టిన వరస

సంగీతం రావాలంటే గురువు కాళ్ల దగ్గర పన్నెండేళ్లు కూర్చోవాలంటారు చదువుకున్నవాళ్లు. మా ముత్తయ్య మామకు గురువే లేడు. తండ్రి మల్సూర్ కొడుక్కి దప్పు చేతపట్టించకముందే పోయాడు. చుట్టుపక్కల ఎవరి పెండ్లైనా, ఎవరి చావైనా ముత్తయ్య వెళ్లి దప్పులవాళ్ల వెనక నిలబడేవాడు. విన్నది ఇంటికొచ్చి తొడ మీద వాయించుకునేవాడు. పిలవని పేరంటానికి వస్తాడని నవ్వారు. నవ్వినవాళ్లే తర్వాత పిలుచుకుపోయారు. పెండ్లికి ఒక దెబ్బ, పాడె లేచేటప్పుడు ఒక దెబ్బ, చాటింపుకు ఒక దెబ్బ. ఆత్మకూరు పక్కన మా పల్లెలో ఏ దెబ్బ వినబడితే ఏం జరిగిందో పసిపిల్లలకూ తెలుసు.

నలభై ఎనిమిది శ్రావణంలో, సూర్యాపేట దారిలో తుపాకులవాళ్ల లారీ కనబడితే చాలు, ఊరంతా జొన్నచేలో దాక్కునేది. ముత్తయ్య మాత్రం కదిలేవాడు కాదు. తల్లి ఉప్పలమ్మ మంచం దిగలేని మనిషి. లారీ వెళ్లిపోయాక అతను చాటింపు దెబ్బ కొడితే మేం ఇళ్లకొచ్చేవాళ్లం. ఈ సంగతి ఎవడు చెప్పాడో, వాడి నోట్లో మన్ను పడ, ఒకరోజు వాళ్లు నేరుగా ముత్తయ్య గుడిసెకే వచ్చారు.

“ఎప్పటి లెక్కనే కొట్టు. మంది బయటికి రావాలె,” అన్నాడు వాళ్ల జమేదారు.

“నీ బాంచెన్ దొరా, వానకు తోలు మెత్తవడ్డది. జర కాగనియ్యి,” అన్నాడు ముత్తయ్య.

చొప్ప మంట మీద దప్పు కాపుతూ ఆలోచించాడు. కొట్టకపోతే తనతోపాటు తల్లినీ చంపుతారు. కొడితే చేలో ఉన్న ఊరంతా చస్తుంది, భార్య లింగమ్మ కూడా. విన్నదే కొట్టడం తెలిసిన మనిషి, ఎక్కడా వినని వరస ఒకటి అప్పటికప్పుడు కట్టాలి. చాటింపుతో మొదలుపెట్టాడు. మధ్యలో పాడె దెబ్బ దూర్చాడు. మళ్లీ చాటింపు, మళ్లీ పాడె. పరాయి ఊరివాళ్లకు తేడా తెలియలేదు. ఒకడు కాలు కూడా ఆడించాడు.

చేలో నేను అమ్మ ఒడిలో ఉన్నాను, ఐదేళ్లవాణ్ణి. అమ్మ నా నోరు మూసింది.

“వస్తే సావే అంటున్నడు ముత్తన్న. ఎవలూ లేవకుండ్రి,” అన్నాడు పెద్దమనిషి జానయ్య, గొంతు తగ్గించి.

లింగమ్మ లేచింది. ఊళ్లో ముత్తయ్య కాక మిగిలింది ఆమె అత్త ఒక్కతే. పాడె దెబ్బ ఎవరికోసమో ఆమెకు ఇంకెవరు చెప్పాలి? “మా అత్త పాణం పోయింది,” అంటూ, పట్టుకున్న చేతులు విడిపించుకుని ఉరికింది.

గుడిసె ముందుకు వచ్చిన ఆమెను చూడగానే ముత్తయ్య చెయ్యి ఆగిపోయింది. లోపల మంచం మీద ఉప్పలమ్మ కళ్లు తెరిచి కోడలినే చూస్తోంది. లింగమ్మకు అప్పుడు అర్థమైంది.

“తక్కినోళ్లేరి?” అన్నాడు జమేదారు.

“ఎవల్లేరు. అందరు కోదాడ దిక్కు పోయిన్రు. నేనొక్కదాన్నే ఉన్న.”

వాళ్లు ఆమెను అక్కడే కాల్చి, లారీ ఎక్కి కోదాడ దారి పట్టారు. ఊరు బతికింది. ఈ మాట రాయడానికి నేను మిగిలానంటే అందుకే.

పెద్దయ్యాక, బుద్ధి లేక, ఆ వరస నేర్పమని ముత్తయ్య మామను అడిగాను.

“చేన్ల ఉన్నోళ్లందరి చెవులు తలుసుకొని కట్టిన బిడ్డా,” అన్నాడు. “మా లింగి చెవి ఒక్కటి తలుసుకోలే.”