పచ్చడి పూసి ఏరిన టైల్స్

టైల్స్ షోరూముకి పచ్చడి డబ్బా పట్టుకెళ్ళిన మనిషిని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయి ఉంటాను. చీరాలలో ఆ షాపు యజమాని మొదట నవ్వాడు, తర్వాత కంగారుపడ్డాడు. శాంపిల్ టైల్స్ వరసగా నేల మీద పెట్టించి, ఒక్కోదాని మీద నూనె తేలిన పండుమిరపకాయ పచ్చడి చెంచాడు పూసి, పక్కన నూనెలో కలిపిన పసుపు రుద్ది, కుర్చీ వేయించుకుని గంటసేపు కూర్చున్నాను.

"అమ్మా, అవి కొనేవాళ్ళకి చూపించే పీసులండీ" అన్నాడు.

"నేనూ కొనేదాన్నేగా" అన్నాను.

మాది అద్దంకి. మా వైపు వంటింట్లో స్టవ్ వెనక గోడ ఎన్ని పాట్లు పడుతుందో టైల్స్ తయారుచేసేవాళ్ళకి తెలియదు. తాలింపు పెడితే ఎండుమిరప గింజలు ఎగిరి గోడకి అతుక్కుంటాయి. కొత్త కారం పట్టించిన రోజుల్లో ఎర్రటి దుమ్ము అన్నింటి మీదా వాలుతుంది. మా పాత గోడకున్న తెల్ల టైల్స్ ఎప్పుడో పొగాకు రంగుకి తిరిగిపోయాయి. వాటి సందుల్లో జిడ్డుని చీపురుపుల్లతో గీకడం నాకు ఆదివారం పని.

ఇల్లు కట్టి ముప్పై ఏళ్ళు. కట్టేటప్పుడు నేను పురిటికి పుట్టింటికి వెళ్ళాను. వంటగట్టు ఎవరి కొలతకి కట్టారో తెలియదు గానీ నాకైతే కాదు. నేను పొట్టిదాన్ని. ముప్పై ఏళ్ళూ భుజాలు పైకెత్తి కూరలు తరిగాను. కుడి భుజం నొప్పికి పూసిన మందులకి లెక్కలేదు. గట్టు తగ్గించి కట్టిద్దామని ఎప్పుడడిగినా మా ఆయన "చూద్దాంలే" అనేవారు. పత్తి మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. మంచి మాటకారి, మిల్లులో తగాదాలన్నీ ఆయనే తీర్చేవారట.

అలాంటి మనిషి, కిందటి చలికాలంలో ఓ పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, "వంటిల్లు చేయిద్దామే. అంతా నీ ఇష్టం. నేను వేలు పెట్టను" అన్నారు.

నేను పొంగిపోయాను. దాచుకోవడం ఎందుకు, చిన్నపిల్లలాగా పొంగిపోయాను. పొన్నూరులో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి, "మీ బావగారు మారిపోయారే" అని కూడా చెప్పాను.

ఇక నెల రోజులు నాకు అదే లోకం. మ్యాట్ ఫినిష్ టైలు చేత్తో తడిమితే హాయిగా ఉంది గానీ గంటలో పచ్చడి నూనె పీల్చేసుకుంది. నిగనిగలాడే రకం ఒక్క గుడ్డ తుడుపుకి శుభ్రమైంది, అయితే ట్యూబ్‌లైటు వెలుగు మొహాన కొడుతోంది. నాలుగుసార్లు చీరాల తిరిగాక రెండింటికీ మధ్యస్థంగా, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు దొరికింది. సందుల్లో తెల్ల సిమెంటు వద్దు, బూడిదరంగు పెట్టమన్నాను. అలమర తలుపులకి గీతల్లేని లామినేట్, జిడ్డు పేరుకునే చెక్కడాలు లేని పిడులు. అన్నీ నేనే చూశాను.

మేస్త్రి మంచి పనివాడు. మా ఊళ్ళో పాత మేస్త్రిలు గట్టు ఎత్తు టేపుతో తేల్చరు. ఇంటావిడని గోడ పక్కన నిలబెట్టి, తరుగుతున్నట్టు చేతులు పెట్టమని, మోచేతి కింద బెత్తెడు వదిలి పెన్సిల్‌తో గీత గీస్తారు. అతను నన్నూ అలాగే నిలబెట్టాడు.

"చెప్పులు తీసి నిలబడండమ్మా. వండేటప్పుడు చెప్పులేసుకోరుగా" అన్నాడు.

గీత పడింది. పాత గట్టు కన్నా నాలుగు వేళ్ళు కిందికి. ఆ గీత వైపు చూస్తుంటే భుజం అప్పుడే సగం తగ్గినట్టనిపించింది.

ఆ వారంలోనే మా ఆయన కాగితాలు తెచ్చారు. ఇల్లూ కరెంటు మీటరూ నా పేరునే ఉన్నాయి. చిమ్నీ పెడితే లోడు పెంచాలి, కరెంటాఫీసులో ఇవ్వాలి అన్నారు. నేను పిడుల శాంపిల్స్ ఒళ్ళో పోసుకుని కూర్చున్నాను. ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో సంతకమంటే అంతే. మా అమ్మా అంతే, అత్తగారూ అంతే. మధ్యలో ఒకటి స్టాంపు కాగితంలా కనిపించింది. కరెంటాఫీసుకి స్టాంపు కాగితం ఎందుకని అడగలేదు. ఇత్తడి పిడి బాగుంటుందా, స్టీలు పిడి బాగుంటుందా అని ఆయన్నే అడిగాను. "నీ ఇష్టం" అన్నారు.

తర్వాత మా చెల్లెలికి కంటి ఆపరేషనైతే పొన్నూరు వెళ్ళి పది రోజులున్నాను. తిరిగొచ్చేసరికి గట్టు కట్టి గ్రానైట్ పరిచేశారు, నా టైల్స్ గోడకి ఎక్కాయి. చక్కగా ఉంది. సంచి కూడా దించకుండా వెళ్ళి గట్టు ముందు నిలబడి తరుగుతున్నట్టు చేతులు పెట్టాను. భుజాలు పైకి లేచాయి. పాత గట్టు కన్నా ఎత్తుగా ఉంది.

అలమర తలుపులు బిగిస్తున్న మేస్త్రిని కేకేశాను. "ఏంది మేస్త్రీ ఇది? నా కొలత ఏమైంది?"

అతను తెల్లబోయాడు. "అదేందమ్మా, ఆయమ్మ వచ్చి నిలబడింది కదా. ఇల్లు కొనుక్కునే ఆయమ్మ. పొడుగు మనిషి. మీ గీత చెరిపేసి ఆమెకి గియ్యమన్నారు సారు." నా మొహం చూసి ఆగిపోయాడు. "మీకు తెలుసనుకున్నానమ్మా" అని తలుపు మేకుల వైపు తిరిగాడు.

మేస్త్రికి తెలుసు. ఆ తర్వాత కనుక్కుంటే పాలు పోసే ఆవిడకీ తెలుసు. ఎదురింటి వాళ్ళు కొత్తగా వచ్చేవాళ్ళతో అప్పటికే పరిచయం కూడా చేసుకున్నారు.

మా ఆయన హాల్లో పేపరు చదువుతున్నారు. అడిగాను. కోప్పడలేదు, బుకాయించలేదు. పేపరు మడత పెట్టి మిల్లులో తగాదా తీర్చే గొంతుతో చెప్పారు.

"చెప్తే నువ్వు ఒప్పుకోవుగా. గుంటూరులో ఫ్లాట్ మాట్లాడా. లిఫ్టుంది. నా స్నేహితులందరూ అక్కడే ఉన్నారు. అక్కడ వంటిల్లంతా ఫ్లాట్ కట్టేవాళ్ళే చేసిస్తారు, నువ్వు మళ్ళీ తిరగక్కర్లా."

"మరి నన్నెందుకు తిప్పారు నెల రోజులు?"

"వంటిల్లు బాగుచేయించి ఇస్తేనే తీసుకుంటామన్నారు ఈ ఇల్లు కొనేవాళ్ళు. నాకేం తెలుసు ఇవన్నీ? నీకన్నా బాగా ఎవరు ఏరతారు?"

మెచ్చుకుంటున్నాననే అనుకున్నారాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇల్లు అమ్మినందుకు కూడా కాదు. నా సరదాని, నా ముప్పై ఏళ్ళ అవస్థని, షోరూముకి పట్టుకెళ్ళిన ఆ పచ్చడి డబ్బాని, ఎవరో కొనడానికొచ్చేవాళ్ళ ముందు పరిచారు. షాపులో టైల్స్ అన్నింటినీ పరీక్షించినదాన్ని, పక్కన కూర్చున్న మనిషి తెచ్చిన నాలుగు కాగితాలు చదవలేదు. ఆ స్టాంపు కాగితం ఇంటి అమ్మకం అగ్రిమెంటు. ఆయన మీద ఎంత కోపమో నా మీద నాకు అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

"నేను రిజిస్ట్రేషన్‌కి రాను" అన్నాను.

"నీ ఇష్టం" అని మళ్ళీ పేపరు విప్పారు.

ఇరవై రోజులు మాటల్లేవు. అన్నం వడ్డించేదాన్ని, తినేవారు. ఆ ఇరవై రోజుల్లో నన్ను ఒప్పించడానికి ఆయన ఒక్క మాటా అనలేదు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఆటో పిలిపించి గుమ్మంలో నిలబడ్డారంతే. వెళ్ళి ఎక్కాను. నాకిష్టం లేదని కొనేవాళ్ళ ముందే, అందరి ముందే చెప్తానని గట్టిగా అనుకునే ఎక్కాను.

రిజిస్ట్రారాఫీసు బెంచీ మీద ఆ పొడుగావిడ నా పక్కనే కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది, పిల్లలకీ కొత్త బట్టలు వేసింది. నాకు చెప్పకుండా బేరం కుదిర్చారన్న సంగతి ఆమెకి తెలియదు. నా చెయ్యి పట్టుకుని, "అక్కయ్యగారూ, సందుల్లో బూడిదరంగు పెట్టించారు చూడండీ, భలే ఆలోచనండీ. మేమైతే తెల్లది పెట్టి పాడుచేసుకునేవాళ్ళం" అంది. మనస్ఫూర్తిగానే అంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

లోపలికి పిలిచారు. ఆఫీసరు కాగితాలు తిరగేసి తలెత్తకుండానే అడిగాడు. "మీ ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా అమ్మా?"

"అవునండీ" అన్నారు మా ఆయన.

"మీరు కాదండీ. ఆవిడ్ని చెప్పనివ్వండి."

ఇల్లు నా పేరున ఉంది. కాదంటే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. మా ఆయన నా వైపు చూశారు. నన్ను చూసి ఆయన భయపడటం అదే మొదటిసారి. ఆ పక్కన కొత్త చీరలో ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. నలుగురిలో మొగుణ్ణి దొంగని చేసే మాట నా నోటిదాకా వచ్చింది, పెదవి దాటలేదు.

"అవునండీ, ఇష్టపూర్వకంగానే" అన్నాను.

ఈ వ్యవహారంలో చిన్న అబద్ధాలన్నీ ఆయన చెప్పారు. అసలుది మాత్రం నేనే చెప్పాను.