చిరుతపులి వంశం చేయవలసిన పని

రెండువేల సంవత్సరం దగ్గరపడుతున్న ఆ చలికాలంలో విదేశంలో, క్వేకర్స్ హిల్ అనే ఊరిశివారు పేటలో, నేనూ నాతో పనిచేసే ఒక స్నేహితుడూ ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఆఫీసులోనూ పక్కపక్క కుర్చీలే. కంప్యూటర్లలో తేదీలు ముందుకు జరిపి ప్రోగ్రాములు పరీక్షించడం మా పని. అతను జాంబియా రాగిగనుల సీమవాడు, లాంబా జాతివాడు. మన లంబాడీలకూ వాళ్లకూ సంబంధం లేదని తెలుగు మిత్రులకు చాలాసార్లు చెప్పాల్సి వచ్చేది.

ఒక గురువారం అతని మేనమామ పోయాడని ఫోను వచ్చింది. పాతిపెట్టడం కూడా అయిపోయిందట. వాళ్లలో వంశం తల్లివైపు నుంచి వస్తుంది. తండ్రికంటే మేనమామే పెద్దదిక్కు. ఫోను పెట్టేసి సోఫాలో కూర్చున్నవాడు శనివారానికీ లేవలేదు. తిండి లేదు, మాట లేదు. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి, అవీ ముట్టలేదు. నేను పూటపూటకీ కాగితం మీద రాసుకున్నాను: నీళ్లు రెండు గ్లాసులు, తర్వాత ఒకటి, తర్వాత సున్నా. ఆ సున్నా రాశాక కలం పడేసి లేచాను.

వీధి చివర ఉండే తెలుగు డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను.

"మూడు రోజుల్నించా? నువ్వేం చేస్తున్నావయ్యా, నోట్స్ రాసుకుంటున్నావా?" అంటూ వచ్చి, వేలికి సూది గుచ్చి చూశారు. "ఈవెనింగ్‌లోపు తిని, నీళ్లు తాగితే ఓకే. లేదంటే అంబులెన్స్ పిలిచెయ్, నాకోసం వెయిట్ చెయ్యకు."

ఆయన వెళ్లాక అతను నోరు విప్పాడు.

"మాది మేక వంశం. చిరుతపులి వంశంవాళ్లు మాకు వేళాకోళపు చుట్టాలు. చావు జరిగితే వాళ్లే వచ్చి పాతిపెడతారు. పోయినవాణ్నీ మమ్మల్నీ కలిపి తిడతారు. అది విన్నాకే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇక్కడ నాకెవరున్నారు? నువ్వు తిట్టు."

"నేనా?"

"ఫోన్లో మీ బావమీద అరిచి నవ్వుతావుగా. అలాగే."

బావను తిట్టడం వేరు. పోయినవాళ్లను తూలనాడితే తగులుకుంటారని విని పెరిగినవాణ్ని. నాలుగేళ్ల ఇంజనీరింగు ఆ భయాన్ని కదల్చలేదు. తిడితే ఇతను కుప్పకూలిపోతే? తిట్టకపోతే సాయంత్రం అయిపోతుంది.

"మీ మామ తెలివైనవాడు," అన్నాను. "నీ వంట తినాల్సి వస్తుందని ముందే పోయాడు."

"ఇంకా గట్టిగా."

"పిసినారి ముసలి మేక! మేత మిగులుతుందని నిన్ను సముద్రం దాటించాడు. నువ్వేమో బక్కమేకవి. చిరుత కూడా వాసన చూసి వదిలేస్తుంది!"

అతని ఛాతీలోంచి వింత శబ్దం వచ్చింది. ఊపిరాడటం లేదనుకుని ఫోను అందుకున్నాను. అది నవ్వు. చూస్తుండగానే ఏడుపైంది. అంబులెన్సు నంబరు సగం నొక్కి, గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాను.

కాసేపటికి నీళ్లడిగాడు. తర్వాత పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. నేను మళ్లీ వెళ్లి గుమ్మానికే ఆనుకున్నాను.

"మీ మామ ఇదంతా వినలేదు కదా?" అని మెల్లగా అడిగాను.

"వినకపోతే ఎలా? విన్నాకే ఈ లోకం విడిచి బయల్దేరాడు, ఆ గుమ్మంలోంచే, నీ పక్కనుంచే."

వెనక్కి చూడకుండా గుమ్మంలోంచి తప్పుకున్నాను.